పది మీటర్ల గుడ్డ, ఒక్క కర్ర

కొండలెక్కి రాత్రి ఆరుబయట పడుకునేవాళ్ల వీపు మీద బరువంతా ముఖ్యంగా మూడు వస్తువులది: గుడారం, పడక, ఆ రెంటినీ మోసే సంచి. మామూలు దుకాణంలో దొరికే ఇద్దరి గుడారం రెండున్నర, మూడు కిలోల దాకా తూగుతుంది. లోపల ఒక పొర, పైన మరో పొర, విల్లులా వంచే కడ్డీలు, కింద పట్టా అన్నీ కలిస్తే అంత బరువు. అంతకు రెట్టింపు నేలను కప్పే శంకు ఆకారపు గుడారాన్ని ఇంట్లో మిషను మీద కుట్టుకుంటే గుడ్డ బరువు అరకిలో లోపే ఉంటుంది. జిప్పు, పట్టీలు, కర్ర, మేకులు, తాళ్లు అన్నీ కలిపినా కిలో చుట్టుపక్కలే.

తగ్గిన బరువులో కొంత ఆకారం వల్ల తగ్గింది, కొంత నేత వల్ల. మిగతాది కత్తెర పట్టకముందు కాగితం మీద వేసుకునే లెక్క వల్ల.

కుక్కలు లాగిన ఇల్లు

టీపీ అనే శంకు ఆకారపు గుడారం ఉత్తర అమెరికా మైదానాలది. లకోటా, షయాన్, క్రో, బ్లాక్‌ఫుట్ ప్రజలు బైసన్ అనే అమెరికా అడవిదున్నల మందల వెంట తిరుగుతూ బతికినవాళ్లు. మంద కదిలితే ఊరూ కదలాలి. గుర్రాలు ఆ మైదానాలకు చేరకముందు సామానంతా కుక్కలే లాగేవి. రెండు వాసాలను కుక్క భుజాలకు కట్టి, వెనక కొసలు నేలమీద ఈడ్చుకుపోయేలా వదిలి, మధ్యలో మూటలు కట్టేవారు. కుక్క లాగగలిగినంతే ఇల్లు కనుక అప్పటి టీపీలు చిన్నవి. స్పెయిన్ వాళ్లు తెచ్చిన గుర్రాలు 17వ శతాబ్దం చివర్లోనూ 18వ శతాబ్దంలోనూ ఉత్తరానికి పాకాక వాసాలు పొడుగయ్యాయి, ఇళ్లు పెద్దవయ్యాయి. ఇల్లు ఎంత పెద్దగా ఉండాలో మోసే జంతువు బలమే తేల్చేది. ఇప్పుడు ఆ జంతువు స్థానంలో మనిషి నడుమూ మోకాళ్లూ ఉన్నాయి.

ఈ ఇళ్లను కోసేదీ, కుట్టేదీ, నిలబెట్టేదీ ఆడవాళ్లే. చాలా తెగల్లో ఇంటి మీద హక్కు కూడా వాళ్లదే. బైసన్ తోళ్లను పదును చేసి, ఆ జంతువు స్నాయువుల నుంచి తీసిన నారతో కలిపి కుట్టేవారు. తోళ్లన్నీ చేరి నేలమీద పరిస్తే దాదాపు అర్ధవృత్తం. అర్ధవృత్తాన్ని శంకువుగా చుడితే అడుగు వ్యాసం సరిగ్గా ఏటవాలు గోడ పొడవుకు సమానమవుతుంది. కాగితంతో చేసి చూడవచ్చు. ఎదుటినుంచి చూస్తే సమబాహు త్రిభుజం కనిపిస్తుంది. కొలబద్ద లేకపోయినా ఒక కొయ్యకు తాడు కట్టి గీసుకోగల ఆకారం అది.

అయితే నిజమైన టీపీ నిటారు శంకువు కాదు. వెనకవైపు గోడ నిట్రంగా, గుమ్మం వైపు గోడ కాస్త వాలుగా ఉంటుంది. ఆ మైదానాల్లో గాలి ఎక్కువగా పడమటినుంచి వీస్తుంది. గుమ్మం తూర్పుకు పెట్టి, నిట్రమైన వీపును గాలికి అప్పగిస్తారు. పైన పొగ పోయే కంతకు రెండు రెక్కలుంటాయి. బయటినుంచి రెండు సన్నటి వాసాలతో వాటిని తిప్పుతూ, గాలి ఏ పక్కనుంచి వచ్చినా పొగ బయటికి లాగేలా సర్దుకుంటారు. లోపల మరో తెర కడతారు. చల్లగాలి బయటి గోడ అంచు కిందినుంచి దూరి, గోడకూ తెరకూ మధ్యనుంచి పైకి లేచి, పొగను తోసుకుంటూ పోతుంది. గాలీ వెచ్చదనమూ ఒకే గుడ్డతో అదుపులో పెట్టిన ఏర్పాటు ఇది.

19వ శతాబ్దం ద్వితీయార్ధంలో బైసన్‌లను లెక్కలేకుండా వేటాడారు. కోట్లలో ఉన్న జంతువు 1880ల చివరికి వెయ్యి దరిదాపుల్లో మిగిలింది. తోళ్లు దొరక్క టీపీ కాన్వాసు గుడ్డకు మారింది. బయటివాళ్లు పాత ఫొటోల్లో చూసే టీపీల్లో చాలావరకు కాన్వాసువే.

డజనుకు పైగా వాసాలు అవసరమైన ఆ ఇంటిని ఒకే స్తంభం మీద నిలిపే ప్రయత్నం అమెరికా సైన్యంలో జరిగింది. హెన్రీ హాప్కిన్స్ సిబ్లీ అనే అధికారి మైదానాల ప్రజల టీపీని చూసి, 1856లో శంకు ఆకారపు సైనిక గుడారానికి పేటెంటు పొందాడు. అడుగు వ్యాసం 18 అడుగులు, ఎత్తు 12 అడుగులు, మధ్యలో ముక్కాలిపీట మీద నిలిచే ఒకే స్తంభం. డజను మంది పడుకునేవారు. అమెరికా అంతర్యుద్ధం మొదట్లో విరివిగా వాడారు. కాని మోయడానికి బళ్లు కావలసివచ్చి, నడిచే సైన్యానికి అది గుదిబండ అయింది. ఆకారం సరైనదే, గుడ్డే బరువైంది. సిబ్లీ ఊహకు తగిన గుడ్డ రావడానికి మరో నూరేళ్లకు పైగా పట్టింది.

గుడ్డ వచ్చాక కుట్టేవాళ్లూ వచ్చారు. వాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు అమెరికాకు చెందిన రే జార్డిన్. అంతరిక్ష రంగంలో ఇంజనీరుగా పనిచేసి, ఆ తర్వాత కొండలెక్కడంలో పేరు తెచ్చుకున్నాడు. బండ పగుళ్లలో ఇరికించే ‘ఫ్రెండ్స్’ అనే సాధనం అతని సృష్టే. 1990లలో భార్య జెనీతో కలిసి వేల కిలోమీటర్ల కాలిదారులు నడుస్తూ, గుడారం బదులు ఇంట్లో కుట్టిన పైకప్పుగుడ్డ, ఇంట్లో కుట్టిన సంచి వాడాడు. దుకాణంలో కొనేదానికంటే ఇంట్లో కుట్టుకున్నదే తేలిక అని పుస్తకాలు రాసి చెప్పాడు. సొంతంగా కుట్టుకునేవాళ్ల కోసం గుడ్డ, దారం, సూచనలు కలిపిన పొట్లాలు అమ్మాడు. ఒక మామూలు కుట్టు మిషను ఉంటే చాలన్న ధైర్యం చాలామందికి అక్కడే వచ్చింది.

కలీల లెక్క

కలీల లంగా కోసిన దర్జీకి ఈ గుడారం కొత్తేమీ కాదు. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉన్న ముక్కలను పక్కపక్కన చేర్చి కుడితే ఘేరా వస్తుంది. ఇక్కడ నడుము ఉండదు, ముక్కలన్నీ ఒక మొనకు చేరతాయి. అంతే తేడా.

ఒక కొలత తీసుకుందాం. మధ్య ఎత్తు 1.8 మీటర్లు, కేంద్రం నుంచి మూలకు 1.5 మీటర్లు. మొన నుంచి మూలకు దిగే కుట్టు పొడవు పైథాగరస్ సూత్రం చెబుతుంది: 1.5 వర్గం 2.25, 1.8 వర్గం 3.24, రెండూ కలిస్తే 5.49, దాని వర్గమూలం 2.34 మీటర్లు.

ఇక ఎన్ని కలీలు? ఆరు పెడితే ప్రతి కలీ అడుగు వెడల్పు సరిగ్గా 1.5 మీటర్లు అవుతుంది. ఇలాంటి గుడ్డ తానుల పన్నా మామూలుగా 1.5 మీటర్లే. కుట్టుకు వదలాల్సిన అంచుకు చోటు ఉండదు. కనుక ఎనిమిది. అప్పుడు అడుగు వెడల్పు 1.15 మీటర్లు, కలీ నిలువు పొడవు 2.27 మీటర్లు. ఒక్కో కలీ వైశాల్యం 1.3 చదరపు మీటర్లు. ఎనిమిదికి దాదాపు 10.4. కప్పే నేల 6.36 చదరపు మీటర్లు. కలీలు పెరిగేకొద్దీ ఆకారం గుండ్రానికి దగ్గరై, గాలికి ఊగే బల్లపరుపు గోడలు చిన్నవవుతాయి. కుట్లు మాత్రం పెరుగుతాయి. ప్రతి కుట్టూ నీరు కారగల దారే. ఎనిమిది దగ్గర రెండు అవసరాలూ రాజీపడతాయి.

గుడ్డ వృథా కాకుండా కోయడంలోనే అసలు నేర్పు. తాను మీద ఒక నిండు కలీని మొన పైకి పెట్టి గీస్తే, దాని రెండు పక్కలా తలకిందులుగా రెండు అర కలీలు పడతాయి. ఆ రెండు అరలను నిలువు కుట్టుతో కలిపితే మరో కలీ. ఇరువైపులా ఒకటిన్నర సెంటీమీటర్ల కుట్టు అంచు కలుపుకొని లెక్క వేసినా 150 సెంటీమీటర్ల పన్నాలో 124 సరిపోతాయి. ఒక్కో విడతకు 2.33 మీటర్లు, నాలుగు విడతలకు 9.3 మీటర్లు. పది మీటర్లు కొంటే చాలు. పక్కన మిగిలిన 26 సెంటీమీటర్ల పట్టీ పనికిరానిది కాదు. మూలల బలపుముక్కలకూ గుడారం పెట్టుకునే సంచికీ అదే గుడ్డ.

ముప్పై డెనియర్ల దారం

గుడ్డ ఎంపిక దగ్గర కొత్తవాళ్లు తికమకపడేది డెనియర్ అనే మాట దగ్గర. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 30 డెనియర్ల నైలాన్ అంటే తొమ్మిది కిలోమీటర్ల పోగు బరువు 30 గ్రాములే. అలాంటి పోగులతో నేసి, సిలికోన్ పట్టించిన గుడ్డను సిల్‌నైలాన్ అంటారు. చదరపు మీటరుకు దాదాపు 45 గ్రాములు. పై లెక్కలోని 10.4 చదరపు మీటర్లకు 470 గ్రాములు. అదే ఆకారాన్ని చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే కాన్వాసుతో కుడితే మూడు కిలోలు దాటుతుంది.

ఇంత పలచటి గుడ్డ చిరగదా? వెలుతురుకు పట్టి చూస్తే చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. పడుగులోనూ పేకలోనూ కొన్ని మిల్లీమీటర్లకొకసారి లావుపాటి పోగు వేసి నేస్తారు. చిరుగు మొదలైనా ఆ గళ్ల గీత దగ్గర ఆగుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టు స్థానంలో నైలాన్‌తో ప్యారాచూట్లు నేసిన రోజుల నుంచి వచ్చిన నేత ఇది. దానికి సిలికోన్ తోడైతే బలం ఇంకా పెరుగుతుంది. పాలియురెథేన్ పూత పోగులను ఒకదానికొకటి అంటించి కదలనివ్వదు. చించితే ఒక్కో పోగూ ఒంటరిగా తెగుతుంది. సిలికోన్ మాత్రం పోగులను జారనిస్తుంది. చిరుగు కొస దగ్గర నాలుగైదు పోగులు ఒకచోట చేరి భారాన్ని పంచుకుంటాయి. నీరు దూరకుండా పూసిన పూతే చిరుగుడును కూడా ఆపుతుంది.

నైలాన్‌కు ఒక బలహీనత ఉంది. దాని అణువుల్లోని అమైడ్ బంధాలు నీటి అణువులను పట్టుకుంటాయి. తడిస్తే గుడ్డ సాగుతుంది. సాయంత్రం బిగుతుగా కట్టిన గుడారం అర్ధరాత్రి వానలో వేలాడుతుంది. వాన మధ్యలో లేచి తాళ్లు బిగించాల్సి వస్తుంది. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు కనిపెట్టిన పాలియెస్టర్ దాదాపు నీరు పీల్చదు, అంతగా సాగదు. అందుకే ఇటీవల కుట్టేవాళ్లు సిలికోన్ పట్టించిన పాలియెస్టర్ వైపు మొగ్గుతున్నారు. డైనీమా పొరల గుడ్డ ఇంకా తేలిక. చదరపు మీటరుకు 18 గ్రాములవి కూడా ఉన్నాయి. పడవ తెరచాపల కోసం పుట్టిన ఆ గుడ్డ నీటికి సాగదు, కాని ధర చుక్కల్లో ఉంటుంది. సూదితో కుడితే రంధ్రాల వెంట బలం తగ్గుతుంది కనుక ఎక్కువగా అంటుపట్టీలతో అతుకుతారు. మొదటి గుడారానికి అది వద్దు.

గొలుసు గీసిన గీత

గుడారం గోడ బిగుతుగా నిలవాలంటే అడుగు అంచును తిన్నగా కోయకూడదు. రెండు మేకుల మధ్య తిన్నటి అంచు ఎంత లాగినా మధ్యలో వదులుగానే ఉంటుంది. లాగుడు మేకు దగ్గరినుంచి మేకు దగ్గరికే పోతుంది, మధ్య గుడ్డకు చేరదు. గాలి వీస్తే ఆ వదులు భాగం రాత్రంతా టపటపా కొట్టుకుంటుంది. అంచును లోపలికి కాస్త వంపుగా కోస్తే, లాగినప్పుడు వంపు తిన్నబడాలని చూస్తుంది. ఆ ప్రయత్నంలో గుడ్డ మధ్యభాగం కూడా బిగుస్తుంది.

ఆ వంపు ఏది? రెండు మేకుల మధ్య వేలాడే గొలుసు పొందే ఆకారం. గెలీలియో దాన్ని పరవలయానికి దగ్గరిదన్నాడు. అసలు సమీకరణాన్ని 1691లో హైగెన్స్, లైబ్‌నిట్జ్, యొహాన్ బెర్నూలీ అనే ముగ్గురు గణితజ్ఞులు విడివిడిగా సాధించారు. గుడారం కుట్టేవారికి సమీకరణం అక్కరలేదు. గోడకు 115 సెంటీమీటర్ల ఎడంలో రెండు మేకులు కొట్టి, సన్నటి గొలుసును మధ్యలో నాలుగు సెంటీమీటర్లు దిగేలా వదిలి, వెనక అట్ట పెట్టి పెన్సిలుతో గీసుకుంటే అచ్చు తయారు. దాన్ని తిరగేసి ఎనిమిది కలీల అడుగునా వాడవచ్చు. మొన నుంచి మూలకు దిగే పొడవాటి అంచులకు కూడా నడిమధ్యన రెండు మూడు సెంటీమీటర్ల వంపు ఇస్తారు.

కలీ నిలువు గీత పడుగు దారం వెంట ఉండాలి. పక్క అంచులు పడుగుకు దాదాపు 14 డిగ్రీలు వాలి ఉంటాయి. నేసిన గుడ్డ పడుగు వెంటా పేక వెంటా సాగదు, ఏటవాలుగా సాగుతుంది. జాకెట్టు మెడకు క్రాస్ పట్టీ వేసే దర్జీలకు ఇది తెలిసిన సంగతే. కుట్టేటప్పుడు ఏటవాలు అంచును పొరపాటున లాగితే కుట్టు పూర్తయ్యాక అది అలలు తిరుగుతుంది. రెండు కలీలనూ బల్ల మీద పరిచి, ప్రతి 30 సెంటీమీటర్లకూ పెన్సిలు గుర్తు పెట్టుకుని, గుర్తుకు గుర్తు కలుపుతూ కుట్టాలి.

జారే గుడ్డ మీద సూది

సిలికోన్ పట్టించిన గుడ్డ చేతిలోనే జారిపోతుంది. గుండుసూదులు గుచ్చితే ఆ రంధ్రాలు మళ్లీ పూడవు, కనుక కుట్టు అంచు లోపలే గుచ్చాలి, లేదా క్లిప్పులు పెట్టాలి. ఇళ్లలో మామూలు మిషనుకు ఉండే 16 నంబరు సూది ఇక్కడ పనికిరాదు. 11 చాలు. రంధ్రం ఎంత చిన్నదైతే నీరు అంత తక్కువ. దారం పాలియెస్టర్‌దే కావాలి. పాత కాన్వాసు గుడారాల్లో నూలు దారం తడిసి ఉబ్బి తన రంధ్రాన్ని తానే పూడ్చేది. సింథటిక్ గుడ్డలో నూలు వేస్తే కుళ్లడమే మిగులుతుంది. కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లు ఉంటే మేలు. మరీ దగ్గర కుట్లు గుడ్డకు చిల్లుల వరుస పెట్టినట్టే, చింపడానికి దారి చూపిస్తాయి.

కుట్టు రకం జీన్స్ ప్యాంటు కాలు లోపలివైపు కనిపించేదే. రెండు అంచులను ఒకదానిలో ఒకటి మడిచి, రెండు వరుసలు కుట్టాలి. అప్పుడు లాగుడు నాలుగు పొరల మీద పడుతుంది, కోసిన అంచు ఎక్కడా బయటపడదు. మడత బయటివైపు కిందికి వాలి ఉండేలా చూసుకుంటే వాననీరు మడతలో నిలవకుండా జారిపోతుంది. కోసిన అంచు పోగులు విడిపోకుండా గాజుపలక మీద పెట్టి సోల్డరింగ్ ఐరన్ మొనతో కోసేవాళ్లూ ఉన్నారు. నైలాన్, పాలియెస్టర్ రెండూ వేడికి కరిగే రకాలే. అంచు కరిగి గట్టిపడుతుంది.

మొన దగ్గర మిషను ఆగిపోతుంది. మడత కుట్లన్నీ ఒక్క బిందువుకు వస్తే పొరలన్నీ గుట్టపడి సూది విరుగుతుంది. ఉపాయం ఏమిటంటే అసలు మొనే కుట్టకపోవడం. పైన అరచేయంత భాగం కత్తిరించి, స్కూలు సంచులకు వాడే మందపు గుడ్డతో చిన్న టోపీ కుట్టి తొడుగుతారు. కర్ర కొస ఆ టోపీలోని రెండు మూడు పొరల మీద ఆనుతుంది. టోపీ పక్కన ఒక కంత వదిలి, పైన చిన్న చూరు పెడితే గాలి పోయే దారి కూడా అదే.

మూలల దగ్గర బలపుముక్కలు గుండ్రంగా కోయాలి. చతురస్రంగా కోస్తే లాగుడంతా దాని కోణాల దగ్గర పోగై, చిరుగు అక్కడే మొదలవుతుంది. గుమ్మం జిప్పుకు కింద ఒక ప్లాస్టిక్ కొక్కెం తప్పక ఉండాలి. లాగుడు కొక్కెం మోయాలి, జిప్పు మూయడం మాత్రమే చేయాలి. జిప్పు మీద భారం పడితే మొదట పాడయ్యేది రన్నరే.

చివరి పని కుట్లకు నీరు పట్టకుండా చేయడం. సిలికోన్‌కు సిలికోన్ తప్ప మరేదీ అంటదు. హార్డ్‌వేర్ దుకాణంలో గాజు అతకడానికి అమ్మే పారదర్శక సిలికోన్‌ను మినరల్ టర్పెంటైన్‌లో పలచన చేసి, చిన్న బ్రష్షుతో కుట్లన్నిటి మీదా పూస్తారు. గుడారాన్ని నిలబెట్టి, బిగించి పూయాలి. అప్పుడే సూది రంధ్రాలు తెరుచుకుని మందు లోపలికి దిగుతుంది. ఒక రోజు ఆరనివ్వాలి.

గాలి తోపు, కర్ర బలం

గాలి వేగం రెట్టింపయితే తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 54 కిలోమీటర్ల గాలి, అంటే సెకనుకు 15 మీటర్లు, ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీదా 135 పాస్కళ్ల ఒత్తిడి పెడుతుంది. దాదాపు 14 కిలోల బరువు ఆనినట్టు. శంకువుకు ఎదురొడ్డే బల్లపరుపు గోడ ఉండదు. ఏ దిక్కునుంచి వచ్చినా గాలి పక్కలకు చీలిపోతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి జోరు పెరుగుతుంది, గుడారం వెడల్పు మాత్రం తగ్గుతుంది. తుపానులు తెలిసిన కోస్తా ఆంధ్రలో చుట్టిల్లు గుండ్రటి గోడ మీద శంకువు కప్పుతో నిలవడానికి కారణం కూడా ఈ భౌతికశాస్త్రమే. స్కాండినేవియా ఉత్తరాన రెయిన్‌డీర్లను మేపే సామీ ప్రజల లావు అనే గుడారం టీపీకంటే పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. చెట్టు లేని బయలులో గాలికి తగ్గట్టు మలచిన ఆకారం.

గుడ్డ లాగుడును మోస్తుంది, కర్ర నొక్కుడును మోస్తుంది. సన్నటి కర్రను పైనుంచి నొక్కితే నలిగిపోదు, పక్కకు వంగి విరుగుతుంది. ఎంత బరువుకు వంగుతుందో 18వ శతాబ్దంలో గణితజ్ఞుడు ఆయిలర్ లెక్కకట్టాడు. 1.8 మీటర్ల అల్యూమినియం గొట్టం, బయటి వ్యాసం 16 మిల్లీమీటర్లు, గోడ మందం ఒక మిల్లీమీటరు అనుకుంటే అది 29 కిలోల దగ్గర వంగుతుంది. అదే మందంతో 20 మిల్లీమీటర్ల గొట్టం 59 కిలోల దాకా ఆగుతుంది. బరువులో తేడా 60 గ్రాములు, బలంలో తేడా రెండింతలు. మొదటి గుడారం కుట్టేవాళ్లు గుడ్డలో గ్రాములు తగ్గించుకుంటూ పోయి, కర్ర కూడా సన్నటిదే కొంటారు. సుడిగాలి రాత్రి ముందు ఓడిపోయేది కర్రే. గ్రాములు ఖర్చు పెట్టదగిన చోటు ఏదైనా ఉంటే అది ఇదే. చేతికర్రలతో నడిచేవాళ్లు రెంటిని కొంత భాగం ఒకదానిమీద ఒకటి పెట్టి తాడుతో బిగించి, వేరే కర్ర మోయకుండానే పని గడుపుకుంటారు.

లోపలి వాన

డిసెంబరులో వంజంగి, లంబసింగి కొండల మీద గుడారం వేసినవాళ్లకు తెల్లారేసరికి గోడ లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తాయి. గుడ్డ కారిందనుకుంటారు. ఆ నీరు చాలావరకు పడుకున్నవాళ్ల ఊపిరిది, చెమటది. మబ్బులేని రాత్రి గుడ్డ తన వేడిని ఆకాశానికి వెదజల్లి, చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడుతుంది. లోపలి తేమగాలి దాన్ని తాకగానే ఆవిరి నీరవుతుంది. ఒకే పొర గుడారానికి ఇది తప్పని సమస్య. మందు గాలి ప్రసరణే. అడుగు అంచును నేలకు అరచేయి ఎత్తున వదిలితే చల్లగాలి కిందినుంచి దూరుతుంది. వెచ్చటి తేమగాలి టోపీ పక్క కంతలోంచి పోతుంది. ఎత్తైన గుడారానికి ఇక్కడ లాభం ఉంది. రెండు కంతల మధ్య ఎత్తు పెరిగేకొద్దీ పొగగొట్టంలో మాదిరిగా లాగుడు పెరుగుతుంది.

ఈ ఆకారానికి లోపాలు లేకపోలేదు. గోడ వాలు వల్ల అంచుల దగ్గర చోటు వృథా. నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తున వ్యాసార్ధం నాలుగో వంతు తగ్గిపోతుంది. కర్ర నడిమధ్యనే ఉండటంతో ముగ్గురు పక్కపక్కన పడుకోవడం కుదరదు. ఇద్దరైతే కర్రకు చెరో పక్కన హాయిగా కాళ్లు చాపుకోవచ్చు. తలా పాదాలూ గోడకు తగలకుండా రెండు మీటర్లకు పైగా పొడవు దొరుకుతుంది. నేల పట్టా విడిగా పరుచుకోవాలి, దోమల తెర విడిగా కట్టుకోవాలి.

ఒక్క విషయంలో పాత టీపీని అనుకరించకూడదు. తోలూ కాన్వాసూ నిప్పును కొంత ఓర్చుకునేవి. నైలాన్, పాలియెస్టర్ గుడ్డలు 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరిగి, మండుతూ ఒంటి మీద పడతాయి. అంచులు మూసిన గుడారంలో స్టవ్ వెలిగిస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొగగొట్టం ఉన్న పొయ్యి పెట్టుకునే గుడారాల్లో ఫైబర్‌గ్లాస్ గుడ్డతో ప్రత్యేకమైన కంత కుడతారు. అది నేర్చుకున్నవాళ్ల పని. వంట బయట చేసుకోవడమే క్షేమం.

కుట్టాలనుకునేవాళ్లు ముందు పదో వంతు కొలతతో కాగితం నమూనా చేయాలి. అడుగు 11.5 సెంటీమీటర్లు, నిలువు 22.7 సెంటీమీటర్లు ఉన్న ఎనిమిది త్రిభుజాలు కత్తిరించి, టేపుతో అతికి, మధ్యన 18 సెంటీమీటర్ల పుల్ల నిలబెడితే చాలు. ఎనిమిదో తరగతి పిల్లలు ఒక సాయంత్రంలో చేయగల పని. ఆ తర్వాత పాత దుప్పట్లతో నిండు కొలతలో ఒకటి కుట్టి, పెరట్లోనో డాబా మీదనో నిలబెట్టి, లోపల పడుకుని చూడండి. గుమ్మం ఎటు ఉంటే బాగుంటుందో, ఎత్తు ఎంత సరిపోతుందో అక్కడే తేలుతుంది. మంచి గుడ్డ పది మీటర్లు కొనేది ఆ తర్వాతే.